వెటకారం దాటిన వేధింపు: తెలుగు సామాజిక మాధ్యమాల్లో ట్రోలింగ్, దాని మూలాలు, దాన్ని ఎదుర్కొనే తీరు

ఒక వ్యక్తిని రెచ్చగొట్టి, నొప్పించి, నవ్వులపాలు చేసి, ఆ నొప్పిని చూడటానికి నలుగురిని పోగుచేసే ప్రవర్తనను తెలుగువారు ట్రోలింగ్ అనే అరువు మాటతోనే వ్యవహరిస్తున్నారు. తెలుగునాట ఆ మాట పరిధి బాగా సాగిపోయింది. బ్రహ్మానందం ముఖకవళికను అతికించి చేసిన హాస్యచిత్రమూ ట్రోలే, ఒక మహిళపై అత్యాచారం చేస్తామని బెదిరించడమూ ట్రోలే. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్ల, సరదాను కూడా నేరంగా చూసేవారూ, నేరాన్ని కూడా సరదాగా కొట్టిపారేసేవారూ తయారయ్యారు. భాషాశాస్త్రవేత్త క్లెయిర్ హార్డేకర్ 2010లో చేసిన పరిశీలన ఈ చిక్కును కొంత విడదీస్తుంది. కపటం, దూకుడు, సంభాషణను చెడగొట్టడం, అవతలివాడు రెచ్చిపోయినప్పుడు దక్కే విజయం అనే నాలుగు అంశాలను ఆమె ట్రోలింగ్ లక్షణాలుగా గుర్తించారు. తెలుగు అనుభవాన్ని బట్టి వీటికి ప్రేక్షకులు అనే ఐదో అంశాన్ని చేర్చవలసి ఉంటుంది. ట్రోల్ చేసేవాడు తిట్టేది ఒకరినే అయినా, ఆ తిట్టు వినిపించాలనుకునేది తనవాళ్లకు. ఈ సంగతిని విస్మరించి, తిట్టినవాడి బుద్ధినో తిట్లు తిన్నవాడి ఓర్పునో మాత్రమే లెక్కలోకి తీసుకున్న పరిష్కారాలు ఎందుకు ఫలించలేదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

గోదావరి తీరానికి మాటల దెబ్బలు కొత్తవి కావు. దాక్షారామంతో ముడిపడిన జనశ్రుతిలో వేములవాడ భీమకవి పేరు తిట్టు కవిత్వానికే నిలిచిపోయింది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో తిరుపతి వేంకట కవులకూ పిఠాపురం వేంకట రామకృష్ణ కవులకూ మధ్య నడిచిన వివాదాలు పద్యాలుగా, పుస్తకాలుగా అచ్చయ్యాయి. అంతకు ముందే కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధనిని ప్రారంభించి, ఆంధ్ర భాషా సంజీవని నడిపిన కొక్కొండ వేంకటరత్నం పంతులుతో సుదీర్ఘమైన పత్రికా యుద్ధం సాగించారు. హాస్య సంజీవని, హాస్యవర్ధని అనే పేర్లతో ఇరువురూ పోటాపోటీగా నడిపిన హాస్య రచనలు ఒకరి పత్రిక పేరులోని మాటను మరొకరు తీసుకుని ఎకసెక్కం చేసుకునేదాకా వెళ్లాయి. వీరేశలింగం కలం సున్నితమైనదని ఆయన అభిమానులు కూడా అనలేరు. అయినా ఆ యుద్ధంలో ఇద్దరి పేర్లూ లోకానికి తెలుసు, ఇద్దరి చేతుల్లోనూ పత్రికలున్నాయి, దెబ్బ తిన్నవాడికి తిరిగి కొట్టే వీలుంది. పైగా 1867 నాటి ముద్రణాలయాల, పుస్తకాల నమోదు చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి కాగితం మీదా ముద్రాపకుడి పేరు, ముద్రించిన చోటు ఉండి తీరవలసి వచ్చేది.

వీరేశలింగం ఎదుర్కొన్న అసలు వేధింపు వేరే చోటి నుంచి వచ్చింది. 1881 డిసెంబర్ 11న రాజమహేంద్రవరంలో ఆయన తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు, వివాహానికి తోడ్పడినవారి మీద సమాజం వెలి అనే ఆయుధాన్ని ప్రయోగించింది. వెలి ఏ ఒక్కడి పనీ కాదు కాబట్టి దానికి ఎవరూ జవాబుదారీ కారు. అందులో పాల్గొన్న ప్రతివాడూ తాను ఆచారాన్ని పాటిస్తున్నానని మాత్రమే అనుకుంటాడు. ఇక మూడో పద్ధతి ఆకాశరామన్న ఉత్తరం. పేరు లేని చేతిరాతతో పైఅధికారికో, పెళ్లి కుదిరిన ఇంటికో చేరే ఆ ఉత్తరం ఎన్నో ఉద్యోగాలను, సంబంధాలను చెడగొట్టింది. అజ్ఞాతంగా చేసే బెదిరింపుకు అదనపు శిక్ష విధిస్తూ 1860 నాటి శిక్షాస్మృతిలో 507వ సెక్షన్ చేర్చారంటే, ఈ జబ్బు ఎంత పాతదో అర్థమవుతుంది.

పేరు పెట్టి చేసిన ఎకసెక్కం, పేరు దాచుకుని వేసిన నింద, ఊరంతా కలిసి వేసిన వెలి అనే ఈ మూడూ పూర్వం వేర్వేరు దారుల్లో నడిచేవి. వెటకారం చేసినవాడు ఎదురుదెబ్బకు సిద్ధపడేవాడు, ఆకాశరామన్నకు పెద్ద సభ దొరికేది కాదు, వెలి వేయాలంటే పెద్దలు కూర్చోవలసి వచ్చేది. సామాజిక మాధ్యమం ఈ మూడింటినీ ఒక్క మీట నొక్కుడులో కలిపింది. హాస్యం ముసుగు, అజ్ఞాతం, మూక బలం ఒకేచోట కలిసినప్పుడు పుట్టే కొత్త వస్తువునే ట్రోలింగ్ అనాలి.

ఇలా ప్రవర్తించేవారు ఎవరన్న ప్రశ్నకు మనస్తత్వశాస్త్రం మొదట ఇచ్చిన సమాధానం, వాళ్లు ఒక ప్రత్యేకమైన రకం మనుషులన్నది. కెనడాకు చెందిన ఎరిన్ బకల్స్, పాల్ ట్రాప్‌నెల్, డెల్‌రాయ్ పౌల్హస్ 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఆన్‌లైన్ వ్యాఖ్యల్లో తమకు అన్నిటికన్నా ఇష్టమైన పని ట్రోలింగేనని చెప్పినవారు 5.6 శాతం. ఆత్మమోహం, కుటిలనీతి, జాలీ పశ్చాత్తాపమూ లోపించిన సైకోపతీ, ఇతరుల బాధలో సుఖం వెతుక్కునే పరపీడనానందం అనే నాలుగు గుణాలను కొలిచినప్పుడు, ట్రోలింగ్‌తో అత్యంత బలంగా ముడిపడినది చివరిదే. ఈ ఫలితం నిజమే కావచ్చు గాని, అది వివరించేది కొద్దిమందిని మాత్రమే. ఒక పోస్టు కింద వేల సంఖ్యలో చేరే దూషణలన్నిటినీ ఆ కొద్దిమందే రాయలేరు కదా.

ఆ మిగిలినవారి గురించి స్టాన్‌ఫర్డ్, కార్నెల్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు జస్టిన్ చెంగ్ తదితరులు 2017లో వెలువరించిన పరిశోధన ఇంకా విలువైనది. 667 మందిలో కొందరికి సులువైన ప్రశ్నలు, కొందరికి చిరాకు పుట్టించే కష్టమైన ప్రశ్నలు ఇచ్చి, తరవాత అందరినీ ఒక వార్త మీద వ్యాఖ్యానించమన్నారు. కొందరికి అప్పటికే పెడసరపు వ్యాఖ్యలు కనిపించేలా, మరికొందరికి మామూలు వ్యాఖ్యలు కనిపించేలా ఏర్పాటు చేశారు. చిరాకు లేకుండా మామూలు వ్యాఖ్యలు చూసినవారిలో సుమారు 35 శాతం, చిరాకుతో ఉండి పెడసరపు వ్యాఖ్యలు చూసినవారిలో 68 శాతం ట్రోలింగ్‌కు దిగారు. అంటే ఎవరి గుణం వారికి ఉన్నా, ఆ పూట మనసు ఎలా ఉన్నది, ముందు రాసినవాడు ఏమి రాశాడు అన్న రెండు విషయాలే సామాన్యుడి ప్రవర్తనను దాదాపు రెండింతలు చెడగొట్టగలిగాయి. తొలి వ్యాఖ్య ఒక వరవడి పెడుతుంది. వెనక వచ్చేవాళ్లు ఆ వరవడిలోనే నడుస్తారు.

అజ్ఞాతమే ఈ దుర్గుణానికంతటికీ మూలమన్న నమ్మకం జనంలో బలంగా ఉంది. మనిషి ముఖం కనబడనప్పుడు, ఎదుటివాడి స్పందన వెంటనే తగలనప్పుడు సంకోచం సడలిపోతుందని జాన్ సూలర్ 2004లో సిద్ధాంతీకరించారు. ఈ సంకోచరాహిత్యం కొంత నిజం. కాని కట్యా రోస్ట్, ఆమె సహచరులు ఒక జర్మన్ వినతిపత్రాల వేదికలోని ఐదు లక్షలకు పైగా వ్యాఖ్యలను పరిశీలించి 2016లో ప్రకటించిన ఫలితం దీనికి ఎదురు నడిచింది. అసలు పేర్లతో రాసినవారే మరింత దూకుడుగా రాశారు. తాము ఒక న్యాయం కోసం పోరాడుతున్నామని నమ్మేవాడికి పేరు దాచుకోవలసిన అవసరం కనిపించదు, పైగా పేరు కనబడితే పక్షంలో పరపతి పెరుగుతుంది. దక్షిణ కొరియా ఈ పాఠాన్ని ఖరీదుగా నేర్చుకుంది. 2007లో పెద్ద వెబ్‌సైట్లలో అసలు గుర్తింపు తప్పనిసరి చేసిన ఆ దేశంలో, 2012 ఆగస్టులో రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిబంధనను ఏకగ్రీవంగా కొట్టివేసింది. వాక్స్వాతంత్ర్యానికి కలిగిన నష్టానికి తగినంత ప్రయోజనం కనబడలేదన్నది తీర్పులోని ముఖ్యాంశం.

కోరుకొండ వంటి మండల కేంద్రంలో నడిచే వాట్సాప్ సమూహాన్ని ఊహిస్తే ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. అక్కడ ప్రతి సభ్యుడి ఫోన్ నంబరూ అందరికీ కనిపిస్తుంది, ఫలానా వీధి ఫలానా వారబ్బాయి అని తెలుస్తుంది, అయినా ఎన్నికల రోజుల్లో మాటలు హద్దు దాటుతాయి. ఉభయగోదావరి జిల్లాల వెటకారానికి తెలుగునాట ప్రత్యేకమైన పేరుంది. అయితే ఆ వెటకారం రచ్చబండ దగ్గరో, టీ కొట్టు దగ్గరో సాగినప్పుడు దానికి తెలియకుండానే కొన్ని కట్టుబాట్లు ఉండేవి. ఎదుటివాడి మొహం ముడుచుకోగానే మాట మళ్లించవచ్చు, ఫాల్గుణంలో లక్ష్మీనరసింహస్వామి కల్యాణానికి కొండ కింద ఇద్దరూ మళ్లీ ఎదురుపడక తప్పదు, విన్న పదిమందిలో ఒక పెద్దమనిషి “ఇంక చాల్లే ఊరుకోరా” అనేవాడు. అదే మాట తెర మీద రాతగా మారి, స్క్రీన్‌షాట్‌గా ఊరు దాటిపోయినప్పుడు, ముందూ వెనుకా తెలియనివారి చేతుల్లో ఉత్త అవమానంగా మిగులుతుంది. అక్కడ కొరవడినది పేరు కాదు, ఊరుకోమనే పెద్దమనిషి.

డెన్మార్క్ పరిశోధకులు అలెగ్జాండర్ బోర్, మైకేల్ బ్యాంగ్ పీటర్సన్ 2022లో చేసిన వాదన ఇక్కడ ఉపకరిస్తుంది. రాజకీయ చర్చల్లో ఆన్‌లైన్‌లో దురుసుగా ఉండేవారు బయట కూడా దురుసుగానే ఉంటారనీ, మాధ్యమం వారిని మార్చలేదనీ, వారి దురుసుతనం ఎక్కువమందికి కనబడేలా మాత్రమే చేసిందనీ వారు చూపారు. గోదావరి డెల్టాలోని అభిమాన సంఘాల చరిత్ర దీనికి సాక్ష్యమిస్తుంది. 2015 సెప్టెంబర్‌లో భీమవరంలో ఫ్లెక్సీ చించివేత గొడవ పవన్ కల్యాణ్, ప్రభాస్ అభిమానుల మధ్య ఘర్షణగా మారి నిషేధాజ్ఞలకు దారితీసింది. 2022 అక్టోబర్‌లో అత్తిలిలో పెయింటింగ్ పనికి వచ్చిన ఇద్దరి మధ్య వాట్సాప్ స్టేటస్‌లో ఏ హీరోను పెట్టాలన్న వాదులాట హత్య దాకా వెళ్లింది. అదే ఏడాది మే 24న కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడంపై అమలాపురంలో చెలరేగిన హింసలో అప్పటి మంత్రి పినిపే విశ్వరూప్, ఎమ్మెల్యే పొన్నాడ సతీశ్ ఇళ్లు తగలబడ్డాయి. జనాన్ని పోగుచేయడంలో వాట్సాప్ సమూహాల పాత్ర దర్యాప్తులో ప్రధానాంశమైంది, జిల్లాలో ఇంటర్నెట్‌ను నిలిపివేయవలసి వచ్చింది. హీరో, కులం, పార్టీ ఒకదానితో ఒకటి ముడిపడిన ప్రాంతంలో ఒక సినిమా మీద విమర్శ కూడా సామూహిక గౌరవం మీద దెబ్బగా తోస్తుంది. ఆ దెబ్బకు బదులు తీర్చినవాడికి తన గుంపులో గౌరవం పెరుగుతుంది. అభిమానుల పరిభాషలో చెప్పాలంటే, ఎవరినైనా “ఒక ఆట ఆడుకున్న” వాడికి లైకుల పంట పండుతుంది.

ఆ ఆటలో ఆడవారికి దక్కే వాటా వేరు. నటి మీరా చోప్రా 2020 జూన్‌లో ట్విట్టర్‌లో తాను ఫలానా హీరో అభిమానిని కానన్నందుకు అత్యాచార బెదిరింపులను ఎదుర్కొని హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులను ఆశ్రయించవలసి వచ్చింది. అనసూయ భరద్వాజ్ 2022 ఆగస్టులో చేసిన ఒక ట్వీట్‌కు బదులుగా ఆమె వయసును ఎత్తి చూపుతూ వేల వ్యాఖ్యలు వరుసకట్టాయి. ఒక మగ విమర్శకుడిని ట్రోల్ చేసేవారు అతని అభిప్రాయాన్ని వెక్కిరిస్తే, స్త్రీని ట్రోల్ చేసేవారు ఆమె శరీరాన్ని, శీలాన్ని, పిల్లలను ఎంచుకుంటారు. 2019 ఎన్నికల కాలంలో 95 మంది భారత మహిళా రాజకీయ నాయకులకు వచ్చిన ట్వీట్లను మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ పరిశీలించినప్పుడు, సుమారు ప్రతి ఏడింటిలో ఒకటి అభ్యంతరకరమో దూషణాత్మకమో అని తేలింది. ప్రముఖులకు కనీసం లాయర్లు, మిత్రులు ఉంటారు. 2024 మార్చిలో తెనాలిలో ప్రభుత్వ ఇంటి పట్టా దక్కిన సంతోషాన్ని కెమెరా ముందు చెప్పుకున్న ఒక గృహిణి విషయంలో అదీ లేదు. ఆమె వీడియో మీద రాజకీయ ట్రోలింగ్ జరిగింది, కొద్ది రోజులకే ఆమె మరణించింది, ఆ మరణానికి కారణమేమిటన్న దాని మీద సైతం పార్టీల అనుయాయులు పరస్పరం దూషించుకున్నారు.

దీని వెనుక డబ్బు కూడా ఉంది. కొత్త సినిమా మీద, మంత్రి ప్రసంగం మీద ట్రోల్ వీడియోలు చేసే చానళ్లకు వీక్షణల మీద ప్రకటనల ఆదాయం వస్తుంది. ఎన్నికల ముందు ప్రతి పక్షమూ ఎదుటివారిని పెయిడ్ బ్యాచ్ అని నిందిస్తుంది. తండ్రీకూతుళ్ల వీడియో మీద అసభ్య హాస్యం చేసిన ఒక యూట్యూబర్‌ను 2024 జూలైలో తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో బెంగళూరులో అరెస్టు చేసినప్పుడు, ఆ వ్యాఖ్యలను ప్రత్యక్ష ప్రసారంలో నవ్వుతూ ప్రోత్సహించిన తోటివారున్నారన్న విషయం చాలామంది దృష్టిని దాటిపోయింది.

చట్టం సంగతికి వస్తే, సమస్య చట్టాలు లేకపోవడం కాదు. చిరాకు కలిగించే సందేశాన్ని సైతం నేరం చేసిన సమాచార సాంకేతిక చట్టంలోని 66ఏ సెక్షన్‌ను శ్రేయా సింఘాల్ కేసులో 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టివేసినా, అశ్లీలానికి 67వ సెక్షన్, ఇతరుల పేరుతో మోసానికి 66డి మిగిలాయి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో స్త్రీని వెంటాడి వేధించడం 78వ సెక్షన్ కిందకీ, ఆమె గౌరవానికి భంగం కలిగించే మాట 79వ సెక్షన్ కిందకీ వస్తాయి. పాత 507వ సెక్షన్ 351(4)గా కొనసాగుతోంది. కష్టమంతా వీటిని ఎవరి మీద వాడుతున్నారన్న దగ్గరే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2017 ఏప్రిల్‌లో పొలిటికల్ పంచ్ అనే ఫేస్‌బుక్ పేజీ నిర్వాహకుడిని ఒక ప్రభుత్వం అరెస్టు చేయించింది. 2020 మేలో విశాఖ ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ లీకేజీ మీద పోస్టు పంచుకున్న గుంటూరు వృద్ధురాలిపై మరో ప్రభుత్వ హయాంలో సీఐడీ కేసు పెట్టింది. ప్రభుత్వం మళ్లీ మారాక, 2024 నవంబర్‌లో ప్రతిపక్ష సామాజిక మాధ్యమ కార్యకర్తల మీద పెద్ద ఎత్తున కేసులు నమోదయ్యాయి. ఆ పోస్టుల్లో కొన్ని నిజంగా నీచమైనవి, కొన్ని కేవలం ప్రభుత్వాన్ని ప్రశ్నించినవి. రెండింటినీ ఒకే బోనులో నిలబెట్టడం వల్ల చట్టం మీద గౌరవం తగ్గి, నిజమైన బాధితురాలి ఫిర్యాదు కూడా పార్టీ రంగు పులుముకుంటోంది.

బాధితులకు తరచుగా చెప్పే సలహా పట్టించుకోవద్దని. దీనికి ఒక సంస్థాగత పూర్వరంగం ఉంది. పేరులేని, దొంగపేరుతో వచ్చిన ఫిర్యాదుల మీద ఏ చర్యా తీసుకోరాదని కేంద్ర విజిలెన్స్ కమిషన్ 1999 జూన్ 29న ఆదేశించింది. ఆకాశరామన్న బలమంతా అతని ఉత్తరాన్ని ఎవరో ఒక అధికారి తెరచి చదివి విచారణకు పంపడంలో ఉంటుంది కాబట్టి, వ్యవస్థ మొత్తం పట్టించుకోకపోతే అతని బలం పోతుంది. కాని అదే సలహాను వేల వ్యాఖ్యల మధ్య చిక్కిన ఒంటరి మనిషికి ఇవ్వడం, ప్రేక్షకులు చేయవలసిన పనిని బాధితుడి నెత్తిన వేయడమే. పైగా బెదిరింపులను పట్టించుకోకుండా వదిలేస్తే సాక్ష్యం చెరిగిపోతుంది. రాసినవారు పోస్టును తొలగించేలోగా దాని లంకెను, తేదీని, ఖాతా పేరును భద్రపరచాలి. ఉత్త స్క్రీన్‌షాట్ కోర్టులో నిలబడాలంటే భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి. తరవాత ఖాతాను అడ్డగించి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లోనో, స్థానిక పోలీసు స్టేషన్‌లోనో ఫిర్యాదు ఇవ్వవచ్చు. నగ్న చిత్రాలు, మార్ఫింగ్ బొమ్మల విషయంలో ఫిర్యాదు అందిన 24 గంటల్లో వాటిని తొలగించే చర్య తీసుకోవాలని 2021 సమాచార సాంకేతిక నియమాలు వచ్చినప్పుడే మాధ్యమ సంస్థలను కట్టడి చేశాయి. బెదిరింపు లేని వెక్కిరింతకు మాత్రం ఈ తతంగమంతా అక్కర్లేదు. దానికి జవాబివ్వకపోవడమే జవాబు. వేధింపు వల్ల నిద్ర, పని దెబ్బతిన్నప్పుడు ఫోన్‌ను కొన్నాళ్లు ఇంట్లో మరొకరి చేతికిచ్చి, వ్యాఖ్యలను వారే చూసి భద్రపరిచేలా చేయడం ఒంటరితనాన్ని తగ్గిస్తుంది.

మాధ్యమాల నిర్వహణలో చేసిన చిన్న మార్పులు కఠినమైన చట్టాలకన్నా మెరుగైన ఫలితాలిచ్చిన సందర్భాలున్నాయి. రెడిట్‌లోని ఒక పెద్ద సైన్స్ చర్చావేదికలో నియమాలను ప్రతి చర్చ పైభాగానా కనబడేలా ఉంచినప్పుడు కొత్తవారు నియమాలను ఎక్కువగా పాటించారు, పాల్గొనే కొత్తవారి సంఖ్య సుమారు 70 శాతం పెరిగిందని నేథన్ మటియాస్ 2019లో నివేదించారు. దూషణ రాసినవాడిని పంపే ముందు ఒక్కసారి ఆలోచించమని అడిగితే అలాంటి ట్వీట్లు సుమారు 6 శాతం తగ్గాయని ట్విట్టర్ ప్రయోగంలో తేలింది. ఆరు శాతం కొంచెంలాగే కనిపించినా, తొలి వ్యాఖ్యే వరవడి పెడుతుందన్న చెంగ్ పరిశోధనను గుర్తుంచుకుంటే, రాకుండా పోయిన ఒక తొలి తిట్టు వెనక ఎన్ని తిట్లు ఆగిపోయి ఉంటాయో లెక్క వేయవచ్చు. గ్రామ వాట్సాప్ సమూహంలో ఈ బాధ్యత అడ్మిన్‌ది. సభ్యుడి పోస్టుకు అడ్మిన్‌ను నేరస్థుడిగా చేయరాదని కేరళ హైకోర్టు 2022 ఫిబ్రవరిలో చెప్పింది, అదే ఏడాది అడ్మిన్‌కు ఎవరి సందేశాన్నైనా అందరికీ తొలగించే అధికారాన్ని వాట్సాప్ ఇచ్చింది. శిక్ష భయం తొలగి, అధికారం చేతికొచ్చినా, ఆ అధికారాన్ని వాడే అడ్మిన్లు అరుదు. తన బంధువు పెట్టిన పోస్టును తొలగించడం పెళ్లిలో మాట పట్టింపుకు దారితీస్తుందన్న భయం శిక్షాస్మృతి కన్నా పెద్దది.

అందుకే కెవిన్ మంగర్ 2017లో ప్రచురించిన ప్రయోగం తెలుగు పరిస్థితికి అన్నిటికన్నా దగ్గరగా కనబడుతుంది. జాతి దూషణలు రాస్తున్న శ్వేతజాతి ట్విట్టర్ వినియోగదారులను మందలించడానికి ఆయన కొన్ని ఖాతాలను సృష్టించారు. మందలింపు మాటలు అన్నిటిలోనూ ఒకటే. మందలించేవాడి జాతి, అతన్ని అనుసరించేవారి సంఖ్య మాత్రమే మార్చారు. దూషకులు వెనక్కి తగ్గినది తమ జాతివాడే, ఎక్కువమంది అనుచరులున్నవాడు మందలించినప్పుడు మాత్రమే. ఎదుటి పక్షం నుంచి వచ్చిన మందలింపును యుద్ధంలో మరో బాణంగా తీసుకున్నవాడు, తనవాడి నుంచి వచ్చినదాన్ని పరువు నష్టంగా తీసుకున్నాడు. తెలుగు హీరోలు అభిమానులను తమ్ముళ్లని సంబోధిస్తారు, పార్టీ నాయకులు కార్యకర్తలను కుటుంబమంటారు. ఎదుటి పక్షంవాడు తమ ఇంటి ఆడవారిని తిట్టినప్పుడు కేసు పెట్టించడంలో వీరంతా చురుగ్గానే ఉన్నారు. తన జెండా పట్టినవాడే ఎదుటి ఇంటి ఆడవారిని తిట్టినప్పుడు అతన్ని పేరుపెట్టి ఆపమన్న సందర్భాలు వేళ్ల మీద లెక్కించదగినవి, ఆ కొద్ది సందర్భాల్లోనూ మందలింపు సాధారణంగా సినిమా విడుదలకు ముందు వేదిక మీదనో, ఎన్నికలయ్యాకనో వచ్చింది తప్ప, తిట్లు కురుస్తున్న ఆ రాత్రి వచ్చింది కాదు.